చిక్కు వెంట్రుకలాయన

పరీక్ష పేపర్లు దిద్దడమంత నీరసమైన పని ఇంకోటి లేదు. ముప్పై ఏళ్ళకు దగ్గరగా చేస్తున్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుందనుకుంటాను. తిరుపతిలో వాల్యుయేషన్ అంటే పొద్దున్నే పూతలపట్టులో బస్సెక్కాలి. అది చిత్తూరులోనే నిండిపోయి వస్తుంది. నిలబడి పోయి, ఒక పాత హాల్లో బుద్ధి పుడితే తిరిగే ఫ్యాను కింద కూర్చుని, సాయంత్రం దాకా ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టాలి. నడుం నొప్పి, మెడ నొప్పి, మధ్యాహ్నం చల్లారిపోయిన సాంబారన్నం. ఇవన్నీ ఎలాగో ఓర్చుకుంటాను. ఒక ప్రశ్న మాత్రం వచ్చిందంటే ఆ రోజంతా ఒళ్ళు బరువుగా ఉంటుంది.

మా సిలబస్‌లో ఒక ఇంగ్లీషు నవల ఉంది. పెద్దవాళ్ళెవరూ లేని చోట చిక్కుకున్న కొందరు పిల్లలు, లేనిదాన్ని ఉందనుకుని భయపడి, ఆ భయంలో తమవాళ్ళనే చంపుకునేదాకా పోతారు. ఏడాది మార్చి ఏడాది అదే ప్రశ్న వస్తుంది. భయం ఒక గుంపును క్రూరత్వం వైపు ఎలా నడిపిస్తుందో వివరించండి. నలభై పేపర్లు దిద్దితే నలభైలోనూ ఒకటే జవాబు, ఒకే గైడులోంచి. గుంపులో మనిషి తన పేరు మరిచిపోతాడట, వివేకం ఓడిపోతుందట. అక్షరం పొల్లుపోకుండా రాస్తారు. నేనూ అక్షరం పొల్లుపోకుండా పదికి ఏడు వేస్తాను. ఒకప్పుడు ఇదే పాఠాన్ని క్లాసులో చేతులు ఊపుతూ, గొంతు పెంచి, నటుడిలా చెప్పేవాణ్ణి. ఇప్పుడు పుస్తకం చూసి చదివేసి వస్తున్నాను. పిల్లలు కూడా దానివల్ల ఏమీ నష్టపోయినట్టు లేరు.

ఎందుకిలా అయ్యానో చెప్తాను.

మాది చిత్తూరు-తిరుపతి రోడ్డు నుంచి రెండు మైళ్ళు లోపలికి ఉండే ఊరు. మామిడి తోటలు, ఇంటికి రెండు మూడు ఆవులు, మధ్యలో ఒక పాల సెంటరు. కాలేజీలో పాఠం చెప్పేవాణ్ణి ఊరికంతా నేనొక్కణ్ణే. అందుకని ఎవరింటికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికి తెస్తారు. బ్యాంకు నోటీసు, ఆస్పత్రి రిపోర్టు, కోర్టు సమను, ఏదైనా సరే. అది ఇంగ్లీషులో ఉన్నా తెలుగులో ఉన్నా ఒకటే, నేను చదివితేనే వాళ్ళకు చదివినట్టు. అద్దాలు పెట్టుకుని, కాస్త ఆలస్యం చేసి, "దీనికేం భయం లేదప్పా" అనో, "రేపే పోయి కనపడు" అనో చెప్తాను. సారు చెప్తే చెప్పినట్టే. ఆ మర్యాద నాకు చాలా ఇష్టంగా ఉండేది. దాచుకోవడం ఎందుకు?

కొన్నేళ్ళ కిందట ఒక జూన్‌లో, తోతాపురి మామిడి కోతలు మొదలయ్యే రోజుల్లో, ఫోన్లలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళ కబుర్లు వచ్చాయి. ఎవరో ఏడుపు గొంతుతో మాట్లాడిన ముక్కలు, ఎక్కడివో తెలియని ఫోటోలు. తడ దగ్గర లారీ నిండా బిడ్డలు దొరికారట. ఆ లారీని చూసినవాడు ఒక్కడూ లేడు. చూసినవాణ్ణి చూసినవాళ్ళు మాత్రం మా ఊళ్ళోనే ముగ్గురు తేలారు. నాకూ ఆ మెసేజి వచ్చింది. నేనూ పదిమందికి పంపాను, కింద "నిజమో కాదో తెలియదు, జాగ్రత్తగా ఉండటం మంచిది" అని చేర్చి. ఆ ఒక్క ముక్కతో నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను. సారు పంపిన మెసేజి కదా, ఊళ్ళో దానికి ఇంకొంచెం బలం వచ్చింది.

వారం తిరిగేసరికి ఊరి నడకే మారిపోయింది. పిల్లల్ని పాలకు పంపడం మానేశారు. గాజులమ్మే ముసలామెను పొలిమేరలోనే వెనక్కి తిప్పారు. కోతలకు బయటినుంచి కూలీలను పిలవడానికి భయపడి, కాయలు చెట్టుమీదే పండబెట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ప్రతి వాకిలి పక్కన ఒక కర్ర ఆనించి ఉండేది. తమాషా ఏమంటే, మా ఊళ్ళో ఒక్క బిడ్డ కూడా పోలేదు. చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ పోలేదు. అలా పోకపోవడమే కాపలా బాగుందనడానికి రుజువైంది.

చిన్నపిల్లలు కొత్త ఆట కనిపెట్టారు. ఒకణ్ణి దొంగను చేసి మిగతావాళ్ళు కర్రపుల్లలతో తరమడం. దొంగగా ఉండటానికి ఎవడూ ఒప్పుకోడు కాబట్టి, అందరిలోకీ చిన్నవాణ్ణి చేసేవాళ్ళు. వాడు ఏడుస్తూ పరిగెత్తేవాడు. నేను అరుగు మీద కూర్చుని అది చూసి, ఆపాలని అనుకోలేదు. పాఠానికి భలే ఉదాహరణ దొరికిందనుకున్నాను. సోమవారం క్లాసులో చెప్పాను కూడా. పిల్లలు నోట్సు రాసుకున్నారు.

మా వైపు ఊళ్ళకు చిక్కు వెంట్రుకలు కొనే మనిషి ఒకాయన ఏళ్ళతరబడి వచ్చేవాడు. ఆడవాళ్ళు తల దువ్వుకున్నప్పుడు దువ్వెనకు వచ్చిన జుట్టును ఉండ చుట్టి, ఏ ప్లాస్టిక్ కవరులోనో గోడ సందులోనో దాచిపెడతారు. ఆయన మోపెడ్ మీద వచ్చి "సిక్కెంటికలకు గిన్నెలూ, పిన్నీసులూ" అని కేక వేస్తే, అందరూ కవర్లు పట్టుకుని బయటికొస్తారు. పెద్దవాళ్ళకు స్టీలు గిన్నె, పిల్లలు తెచ్చిస్తే బెలూను. మా ఇంటామె కూడా గేటు దగ్గర నిలబడి, గిన్నె మరీ పల్చగా ఉందని ఆయనతో అర్ధగంట వాదించేది. ఆదివారాలైతే నేను లోపల కిటికీ పక్కన కూర్చుని ఆ వాదన విని నవ్వుకునేవాణ్ణి. ఆయన నన్నెప్పుడూ చూసినట్టు లేదు. నేను మాత్రం ఆయన్ని బాగా ఎరుగుదును. ముఖం ఎలా ఉన్నా గొంతు చెప్పేస్తుంది, జలుబు చేసినట్టు ముక్కుతో మాట్లాడతాడు.

ఆ ఆదివారం పొద్దున పది గంటలప్పుడు పాల సెంటరు వైపు నుంచి అరుపులు వినిపించాయి. నేను పోయేసరికి యాభైమంది దాకా గుమిగూడి ఉన్నారు. మధ్యలో నేలమీద ఒక మనిషి, గడ్డం గుండెల మీదికి పెరిగి ఉంది. తిరుమలలో తలనీలాలు ఇస్తానని మొక్కుకుని జుట్టూ గడ్డం పెంచుకున్నాడని తర్వాత తెలిసింది. మోపెడ్ చెడిపోయి రిపేరుకిచ్చాడట, సంచి భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. నాలుగైదు నెలలుగా మా వైపు రాలేదు కాబట్టి ఫోన్ల గొడవ మా ఊళ్ళో ఇంత ముదిరిందని ఆయనకు తెలియదు. పాల సెంటరు బయట ఆడుకుంటున్న పాపకు బెలూను చూపించి, "మీ అమ్మ ఎంటికలు దాసిందేమో అడుక్కోని రా పాపా" అన్నాడు. అది ఎవరో చూసి కేక వేశారు. ఆయన చేసిన నేరం అంతే.

అప్పటికే నాలుగు దెబ్బలు పడ్డాయి. పెదవి చిట్లి రక్తం కారుతోంది. సంచిని నేలమీద బోర్లించారు. నల్లటి జుట్టు ఉండలు కుప్పగా పడ్డాయి. "ఆడబిడ్డల జడలు కోసినాడు సూడండి" అని ఎవరో అరిచారు. ఆ జుట్టు ఏమిటో అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. వాళ్ళందరి ఇళ్ళలోనూ, గోడ సందుల్లో, అలాంటి ఉండలే ఉన్నాయి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డారే గానీ ఒక్కరూ మాట్లాడలేదు.

"నేను సిక్కెంటికలాయన్ని అప్పా. ఏండ్లుగా వస్తాండా. మీ ఆడోళ్ళను అడగండి" అంటున్నాడాయన. అదే ముక్కు గొంతు. నాకు ఒక్క మాటకే తెలిసిపోయింది.

పాల సెంటరు నడిపే అతను నా దగ్గర చదువుకున్నవాడే. ఆ పాప అతని కూతురే. మంచివాడు, ఎప్పుడు కనబడినా బండి దిగి నమస్కారం పెట్టేవాడు. నన్ను చూడగానే అందరినీ తోసుకుంటూ వచ్చాడు.

"సార్, వీని జోబీలో ఈ కార్డు ఉండాది. దొంగ కార్డులు పెట్టుకోని తిరగతాండారంట. ఫోటోలో గడ్డం లేదు, ఈడేమో ఇట్లుండాడు. మీరు సూసి సెప్పండి. మీరు సెప్తే సెప్పినట్టే."

కర్రలు దిగాయి. నా జీవితంలో ఏ క్లాసూ నా మాట కోసం అంత శ్రద్ధగా ఎదురుచూడలేదు. నవల్లో తెలివిగలవాడు ఎంత మొత్తుకున్నా ఎవరూ వినరు. అదే దాంట్లోని విషాదమని ఏళ్ళకొద్దీ చెప్తూ వచ్చాను. మా ఊళ్ళో విన్నారు. అడిగి మరీ వినడానికి నిలబడ్డారు.

ఆధార్ కార్డు. పేరు, తండ్రి పేరు, కాళహస్తి దగ్గర ఊరు, అన్నీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ శుభ్రంగా ఉన్నాయి. ఫోటోలో ఉన్నది మా గేటు దగ్గర గిన్నె గురించి వాదించే మనిషే. నేను ఇటు చూశాను. వెనక్కి తిప్పి చూశాను. మళ్ళీ ముందుకు తిప్పాను, మళ్ళీ వెనక్కి.

నాకు భయం వేసింది. ఆయన దొంగేమోనని కాదు. "ఈయన నాకు తెలుసు" అంటే, ఆ కర్రలన్నీ నా వైపు తిరుగుతాయేమోనని. "నువ్వూ వీనికి తోడా" అంటారేమోనని. ఇంకా సిగ్గుమాలిన భయం ఇంకోటి ఉంది. రేపు ఎక్కడో నిజంగానే ఒక బిడ్డ పోతే, సారు చెప్పబట్టి వదిలేశామంటారు, ఊళ్ళో నా మాటకు ఇక విలువుండదు. ఇంతా ఆలోచించడానికి మూడు సార్లు కార్డు తిప్పేంత సేపు పట్టింది.

"నేను చెప్పలేనప్పా. పోలీసులకు ఫోన్ చేయండి" అన్నాను.

"సారే సెప్పలేనంటాండారు" అన్నాడు పాల సెంటరు అతను. కోపంగా అనలేదు. దిగులుగా అన్నాడు. అతను నా మీద పెట్టుకున్న ఆశ కూడా పోయినట్టుంది. ఆ తర్వాత మొదటి దెబ్బ ఎవరు వేశారో నాకు తెలియదు. నేను అప్పటికే నాలుగడుగులు వెనక్కి వేశాను. ఆయన అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి, కాసేపటికి అవీ తగ్గాయి. పోలీసు జీపు వచ్చేసరికి ఆయన కాలు మోకాలి కింద పక్కకు తిరిగిపోయి ఉంది. ఊపిరి ఉందన్నారు. తిరుపతి ఆస్పత్రికి తీసుకుపోయారు.

ఇంటికొచ్చి చొక్కా విప్పితే జేబులో కార్డు ఉంది. నేనే పెట్టుకున్నానో, ఎలా వచ్చిందో ఇప్పటికీ గుర్తు రాదు. మధ్యాహ్నం ఎస్సై వచ్చి వీధిలో అందరినీ అడిగాడు. నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి, మర్యాదగా, "మీరేమైనా చూసినారా సార్?" అన్నాడు. గలాటా విని పోయేసరికి అంతా అయిపోయిందని చెప్పాను. అలాగే రాసుకున్నాడు. మనిషి ఎవరో తెలియలేదు, మాట్లాడే స్థితిలో లేడు, దగ్గర ఏ కార్డూ లేదన్నాడు. నేను తల ఊపాను. కార్డు బీరువాలో ఉంది. రెండు రోజులు ఆస్పత్రిలో ఆయన పేరు లేని మనిషిగానే పడి ఉన్నాడు. ఆ రెండు రోజులూ ఆయన పేరూ ఊరూ తెలిసిన మనిషి నేనొక్కణ్ణే.

మా ఇంటామె ఆ పొద్దు చెల్లెలింటికి పోయి ఉంది. సాయంత్రం వచ్చింది. వీధిలో ఆడవాళ్ళు చెప్పగా విని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"మన ఎంటికలాయనంట కదా. మీరు ఆడే ఉన్నారంట. మీకు తెలీలేదా?"

"గడ్డం పెంచుకుని ఉన్నాడు."

"గొంతు గూడా పెంచుకోని ఉన్నాడా?"

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె నన్ను ఎన్నో అని ఉంటుంది, దేనికీ నాకింత నొప్పి కలగలేదు.

కేసు పెట్టారు. పాల సెంటరు అతనితో పాటు తొమ్మిదిమందిని జైలుకు పంపారు, తర్వాత బెయిలు మీద వచ్చారు. ఇప్పటికీ వాయిదాలకు చిత్తూరు తిరుగుతున్నారు. సమను రాగానే అతను నా దగ్గరికే తెస్తాడు. నేను అద్దాలు పెట్టుకుని చదివి తారీఖు చెప్తాను. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోము. ఫోన్లలో ఆ కబుర్లు నెల తిరక్కుండానే ఆగిపోయాయి. గాజులామె మళ్ళీ వస్తోంది. ఆ భయం ఏ గాలికి వచ్చిందో ఏ గాలికి పోయిందో ఎవరూ అడగరు. అడిగే ఓపిక కూడా ఎవరికీ లేదు.

మూడు నెలల తర్వాత బట్టలు సర్దుతుంటే మా ఇంటామెకు కార్డు కనపడింది. తెచ్చి నా ముందు, కాఫీ గ్లాసు పక్కన పెట్టింది. ఎలా వచ్చిందని అడగలేదు. కార్డు మీది ఊరి పేరు పైకి చదివి, "కాళహస్తిలో దిగి ఆటో ఎక్కాలంట. పోయి ఇచ్చి రాండి" అంది. ఆదివారం దాకా ఆగుదామని నేను అన్నాను. ఆమె చూసిన చూపుకు మరుసటి రోజే సెలవు పెట్టాను.

బస్సులో కూర్చున్నంతసేపూ ఏం చెప్పాలో కట్టుకుంటూ పోయాను. తప్పు చేశానని చెప్పాలి. ఆ రోజే గుర్తుపట్టానని చెప్పాలి. ఆయన తిట్టినా కొట్టినా పడాలి. నిజానికి నాకు ఆ తిట్లే కావాలనిపించింది, అవి పడితే కొంచెం తేలికవుతుందని. చేతిలో అరటిపళ్ళ కవరు ఉంది. ఆస్పత్రికి చుట్టాన్ని చూడబోయేవాడిలా ఉన్నానని నాకే అసహ్యం వేసింది.

రేకుల ఇల్లు. ముందర పందిరి కింద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడాయన. గడ్డం లేదు, గుండు. మొక్కు తీర్చుకున్నట్టున్నాడు. ఒక కాలు తిన్నగా చాపి ఉంది, పక్కన చంకకర్ర. ఊళ్ళు తిరిగే పని ఇక కుదరదు కాబట్టి, వేరేవాళ్ళు కొనుక్కొచ్చిన జుట్టు ఉండల్ని విప్పి, పెద్ద సూదితో చిక్కు తీసి, పొడుగులవారీగా పేర్చే పని చేస్తున్నాడు. నన్ను చూసి కళ్ళు చిట్లించాడు. నేను మా ఊరి పేరు చెప్పాను. ఆయన చేతిలో సూది ఆగింది. లోపల్నుంచి వాళ్ళావిడ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది.

"కార్డు సూసినాయన కదా మీరు" అన్నాడు.

అవునన్నాను. కార్డు తీసి ఇచ్చాను. తీసుకుని తొడమీద పెట్టుకున్నాడు.

"ఇది పోయిందనుకోని కొత్తది తీపించినాము. ఇది లేక ఆస్పత్రిలో శానా తిప్పలు పడిరంట మావాళ్ళు. కూసోండి" అన్నాడు. ఆవిడ స్టూలు తెచ్చి వేసింది. టీ పెడతానని లోపలికి పోయింది. ఈ మర్యాదను నేను బస్సులో ఊహించుకోలేదు.

"ఆ పొద్దు" అని మొదలుపెట్టాను.

"మీ తప్పేముంది లేండి" అన్నాడాయన. "అందరూ సార్ సార్ అంటాండిరి గానీ, మా ఊళ్ళో రేషన్ డీలర్ను గూడా సార్ అనే అంటాము. మీరు కార్డు ఇట్ల తిప్పి, అట్ల తిప్పి, మళ్ళా ఇట్ల తిప్పితిరి సూడండి, అప్పుడే తెలిసిపాయ నాకు. పాపం, ఈయనకు గూడా సదువు రాదురా అనుకున్నా. నాకు గూడా రాదు. ఎవురన్నా కాగితం ఇస్తే నేనూ అట్లే తిప్పతా. అంతమంది ముందర రాదని యాడ సెప్పగలరు? సిగ్గు కదా. అందుకే సెప్పలేనంటిరి."

నేను అరటిపళ్ళ కవరును స్టూలు పక్కన పెట్టాను.

"మా ఇంటామెతో దినామూ అంటానే ఉంటా. ఆ ఊళ్ళో సదువుకున్నోడు ఒక్కడుండింటే సాలు, ఈ కాలు ఉండేది అని. మీ మీద కోపం ల్యా. కొట్టినోళ్ళ మీద ఉండాది. మీరేం సేస్తారు?"

చెప్పాల్సిన మాటలన్నీ నా నోట్లోనే ఉన్నాయి. పొద్దున్నుంచీ వరస పెట్టుకుని తెచ్చుకున్నవి. ఆయన ముఖంలో నా మీద ఉన్న జాలి చూశాక వాటిలో ఒక్కటీ బయటికి రాలేదు. ఇంత జరిగాక కూడా నాకు భయమే వేసింది, ఆ జాలి పోతుందేమోనని.

"మరి ఇంత దూరం అడ్రసు పట్టుకోని ఎట్ల వచ్చినారు?" అన్నాడు.

"మా ఇంటామె చదివి చెప్పింది" అన్నాను.

"ఆయమ్మకు సదువొచ్చునా?" ఆయన ముఖం విప్పారింది. "మంచిదే. ఆయమ్మ కాడ మీరూ నేర్సుకోండి. వయసైతే ఏమి? ఇంగొక పొద్దు ఇంగెవురిదన్నా కార్డు మీ సేతికి వస్తే పనికొస్తాది."

వాళ్ళావిడ టీ గ్లాసు తెచ్చి నా చేతికిచ్చింది. వేడిగా ఉంది, రెండు చేతులతో పట్టుకున్నాను.

"అట్లేనప్పా, నేర్చుకుంటాను" అన్నాను.